ఒక్క ముద్దే కదా అంటే...

మన తెలుగు ఇళ్ళల్లో ప్రేమను నోటితో చెప్పడం తక్కువ, కంచంలో వడ్డించడం ఎక్కువ. "ఇంకొక్క ముద్ద తిను నాన్నా" అనని అమ్మమ్మ ఉంటుందా? కానీ కొందరు పిల్లలకు ఆ ముద్దను లెక్క చూసి పెట్టాలి. ఎందుకో చెప్తాను, వినండి.

నేను ఇంగ్లండు వచ్చి ఏడాదిన్నర అయింది. మన దగ్గర బీఈడీ చేసి, హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. ఇక్కడ ఇల్లు చూసుకుంటూ శనివారాలు పిల్లలకు తెలుగు నేర్పుతున్నాను. మా తరగతిలో తొమ్మిదేళ్ళ బాబు ఒకడున్నాడు. వాళ్ళమ్మ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను, పేరు మాత్రం చెప్పను. వాడికి పుట్టుకతోనే ఫినైల్‌కీటోన్యూరియా ఉంది. పలకడం కష్టం కదా, అందరిలాగే మనమూ పీకేయూ అందాం.

మనం తిన్న పప్పు, పాలు, గుడ్డులోని మాంసకృత్తులు అరిగి అమైనో ఆమ్లాలవుతాయి. వాటిలో ఒకటి ఫినైల్‌అలనిన్. మన కాలేయంలో ఉండే ఒక ఎంజైము దాన్ని టైరోసిన్ అనే మరో అమైనో ఆమ్లంగా మారుస్తుంది. పీకేయూ ఉన్నవాళ్ళలో ఆ ఎంజైము సరిగా పని చెయ్యదు. దాంతో ఫినైల్‌అలనిన్ రక్తంలో పేరుకుపోతుంది. లోపం ఉన్నది కాలేయంలో, దెబ్బ తగిలేది మెదడుకి!

అదెలాగంటే, పండగ ముందురోజు బస్సు తలుపు దగ్గర తోపులాట గుర్తు తెచ్చుకోండి. రక్తంలోంచి మెదడులోకి వెళ్ళడానికి చాలా అమైనో ఆమ్లాలకు ఒకటే దారి. ఫినైల్‌అలనిన్ గుంపుగా వచ్చి ఎక్కేస్తే, టైరోసిన్, ట్రిప్టోఫాన్ లాంటివి చాలామటుకు కిందే ఉండిపోతాయి. మెదడు కణాలు మాట్లాడుకోవడానికి కావలసిన డోపమైన్, సెరొటోనిన్ తయారయ్యేది వాటినుంచే. నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర కూడా దెబ్బతింటుంది. పసితనంలో చూసుకోకపోతే బుద్ధి ఎదగదు, మూర్ఛలు రావచ్చు. ఆ నష్టాన్ని తర్వాత పూడ్చలేం.

ఇది ఎవరి తప్పూ కాదు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకు రాదు, దిష్టి వల్లా రాదు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, మార్పు ఉన్న జన్యువులు రెండూ బిడ్డకు చేరితేనే వస్తుంది. అమ్మానాన్నలిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఇలాంటి జబ్బులకు అవకాశం ఇంకా పెరుగుతుంది.

మొన్న ఉగాదికి తలా ఒక వంట చేసుకుని కలిశాం. ఊరినుంచి కొత్తగా వచ్చిన ఒక మామ్మగారు వాడికి పప్పన్నం కలిపి పెట్టబోయారు.

"వద్దు మామ్మగారూ, ఇవాళ్టి లెక్క అయిపోయింది" అన్నాడు వాడు.

"ఒక్క ముద్దే కదరా, ఏమవుతుంది?"

నిజమే, చూడ్డానికి ఏమీ అవదు. వేరుశనగ పడనివాళ్ళకి ఒళ్ళు దద్దురులొస్తాయి, వెంటనే తెలుస్తుంది. వీడికి అలా ఏమీ కనబడదు. కానీ రోజుకొకరు ఒక్కో ముద్ద పెడితే రక్తంలో ఫినైల్‌అలనిన్ పెరుగుతుంది. చదువు మీద ధ్యాస నిలవదు, మనసు స్థిమితంగా ఉండదు. అలాగని పూర్తిగా మానడానికీ లేదు, ఒళ్ళు ఎదగడానికి కొంచెం కావాలి. అందుకే వాళ్ళింట్లో తూకం వేసి వండుతారు. మిగతా పోషణ కోసం వాడు రోజూ మందులాంటి ఒక పానీయం తాగుతాడు.

వాళ్ళమ్మ ఇదంతా మామ్మగారికి ఓపిగ్గా చెప్పి, డబ్బా మూత తీశారు. మాంసకృత్తులు బాగా తగ్గించిన ప్రత్యేకమైన బియ్యంతో చేసిన పులిహోర. వేరుశనగ గుళ్ళు లేవు, శనగపప్పు లేదు. మామ్మగారు ఒక్క క్షణం చూసి, "అయితే ఇదే నా చేత్తో పెడతాను, తింటావా?" అన్నారు. వాడు నోరు తెరిచాడు.

ఈ జబ్బు సంగతి బయటపడింది కూడా ఒక తల్లి పట్టుదల వల్లే. నార్వేలో బోర్గ్నీ ఎగెలాండ్ అనే ఆవిడ, తన ఇద్దరు పిల్లలు ఎందుకు ఎదగడం లేదో తెలుసుకోవాలని ఎందరో డాక్టర్ల చుట్టూ తిరిగింది. 1934లో డాక్టర్ ఆస్బ్యోర్న్ ఫోలింగ్ ఆ పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే ఆకుపచ్చ రంగు వచ్చింది. కారణం దొరికింది గానీ ఆ పిల్లలకు ఆలస్యమైపోయింది. 1950లలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ హోర్స్ట్ బికెల్, ఆయన తోటివాళ్ళు ప్రత్యేక ఆహారంతో వైద్యం మొదలుపెట్టారు. 1960లలో అమెరికాలో రాబర్ట్ గత్రీ రక్తపు చుక్కతో పుట్టిన కొద్దిరోజులకే కనిపెట్టే పరీక్ష తెచ్చారు. ఇక్కడ బిడ్డ పుట్టిన అయిదో రోజు మడమకు సూది గుచ్చి తీసుకునే ఆ నాలుగు చుక్కలు అందుకే. మన దేశంలో ఈ పరీక్ష అన్ని ఆసుపత్రుల్లోనూ తప్పనిసరి కాదు. ఇంట్లో కాన్పు ఉంటే డాక్టరును అడగమని ఊళ్ళో మనవాళ్ళకి ఫోన్‌లో చెప్పండి.

ఈ వారం మీకు చిన్న పని. చక్కెర లేని కూల్‌డ్రింకు డబ్బా మీద సన్నటి అక్షరాలు చదవండి. ఆస్పర్టేమ్ ఉంటే, ఫినైల్‌అలనిన్ ఉందని కూడా రాసి ఉంటుంది. అది ఎవరికోసం రాశారో మీ అమ్మానాన్నలకు తెలుగులో చెప్పండి. అలాగే ఈ రెండు వాక్యాలు నోటికి వచ్చేదాకా పలకండి, మీ ఇంటికి ఎవరొచ్చినా పనికొస్తాయి.

"ఇది నీకు పడుతుందా?"

"మీ అమ్మనడిగి పెట్టనా?"