మైదానంలోనే ఉంది... మ్యాచ్ చూడలేదు!

‘అదృష్టమంటే నీదేనే... రూపాయి పెట్టకుండా మ్యాచ్‌లు చూసేస్తావు!’ హాస్టల్లో స్నేహితురాళ్లు కుళ్లుకున్నారు. ఊళ్లో నాన్నయితే టీ కొట్టు దగ్గర కనిపించిన వాళ్లందరికీ చెప్పేశాడు. జర్నలిజం చదువుతున్న ఆ అమ్మాయికి ఐపీఎల్ మ్యాచ్‌లకు మీడియా ఇంటర్న్‌గా పనిచేసే అవకాశం వచ్చింది మరి. మెళ్లో వేసుకునే గుర్తింపు కార్డు చేతికిచ్చిన రోజు, దాన్ని దిండు పక్కనే పెట్టుకుని పడుకుంది.

2024 మార్చి 27. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియం. సన్‌రైజర్స్‌కీ ముంబయి ఇండియన్స్‌కీ పోటీ. ఆట రాత్రి ఏడున్నరకైతే ఆ అమ్మాయి మధ్యాహ్నం మూడింటికే ప్రెస్ బాక్స్‌లో ఉంది. ఏ కుర్చీ ఏ పత్రిక వాళ్లదో పేర్లు అంటించాలి. వైఫై వస్తోందా, ప్లగ్గులు పనిచేస్తున్నాయా... ఒక్కోటీ చూసుకోవాలి. ఏడింటికి టాస్. తుది జట్టును టాస్ తర్వాత ప్రకటించే వీలు ఐపీఎల్‌లో 2023 నుంచీ ఉంది. బ్యాటింగ్ వస్తే ఒకటి, బౌలింగ్ వస్తే మరొకటి... కెప్టెన్లు రెండు జాబితాలు పట్టుకెళ్లొచ్చు. ఏది ఖాయమైందో తెలిసిన క్షణం నుంచీ పరుగే! పదకొండు మందితోపాటు, ఇంపాక్ట్ ప్లేయర్ కోసం రాసిచ్చిన అయిదుగురి పేర్లూ విలేకరులకు చేరాలి. ఒక్క పేరు తారుమారైతే తెల్లారేసరికి అదే తప్పు పది పేపర్లలో!

అన్నిటికంటే కష్టమైన నియమం ఇంకోటుంది. ప్రెస్ బాక్స్‌లో చప్పట్లు కొట్టకూడదు. అభిమాన ఆటగాడు సిక్సర్ కొట్టినా అరవకూడదు. అక్కడున్నది పనిచేయడానికి. అంతే!

ఆ రాత్రి ట్రావిస్ హెడ్ 18 బంతుల్లో అర్ధసెంచరీ కొట్టాడు. సన్‌రైజర్స్ తరఫున అదే అత్యంత వేగవంతమైనదని ఆ అమ్మాయి వివరాలు టైపు చేసి విలేకరుల వాట్సప్ గ్రూపులో పెట్టింది. కాసేపటికే అభిషేక్ శర్మ 16 బంతుల్లో కొట్టి దాన్ని పాతది చేసేశాడు. మళ్లీ టైపింగ్. చివరికి స్కోరు 277. అప్పటికి ఐపీఎల్‌లో అదే అత్యధికం. 2013లో బెంగళూరు చేసిన 263 వెనకబడిపోయింది. ముంబయి కూడా 246 దాకా వచ్చింది. రెండు జట్లూ కలిపి 38 సిక్సర్లు! ఆ అమ్మాయి కళ్లారా చూసింది రెండో మూడో. మిగతావన్నీ గ్యాలరీ అరుపులను బట్టి లెక్కేసుకున్నవే.

‘ఈమాత్రానికేనా ఇంత సంబరపడ్డాను’ అనుకుంది, అర్ధరాత్రి దాటాక హాస్టల్ మెట్లెక్కుతూ.

తర్వాత మరో మ్యాచ్. చివరి ఓవర్లో పరుగులిచ్చేసిన కుర్ర బౌలర్ ఒకడు ప్రెస్‌మీట్‌కి వచ్చాడు. దాదాపు తన వయసే. ఏసీ గదిలోనూ చెమటలు పడుతున్నాయి. మైకు అందిస్తుంటే ఆ చేతులు వణకడం కనిపించింది. హిందీలో నాలుగు మాటలు చెప్పి లేచి వెళ్లిపోయాడు. వాటిని ఇంగ్లిషులోకి మార్చి పావుగంటలో అందరికీ పంపాలి. అవతల పేపర్లు అచ్చుకెళ్లే వేళవుతోంది. గబగబా టైపు చేసింది... ‘యార్కర్ వెయ్యమని కెప్టెన్ చెప్పలేదు. నేనే వెయ్యలేకపోయాను’.

పంపేముందు మీడియా మేనేజర్ ఒకసారి చూశాడు. ‘రెండో మాట మొదటిదానికి అతకట్లేదు కదమ్మా. రికార్డింగ్ మళ్లీ విను’ అన్నాడు.

వింది. బౌలర్ అన్నది, ‘కెప్టెన్ చెప్పలేదని కాదు. నేనే వెయ్యలేకపోయాను’ అని. పోయింది ‘అని కాదు’ అన్న చిన్న ముక్కే. కానీ అది లేకపోతే అర్థం తిరగబడుతుంది. కెప్టెన్ మీద నేరం మోపినట్టవుతుంది. పొద్దున్నే పేపర్లో కెప్టెన్ చదువుతాడు. కుర్రాడి ఇంట్లోవాళ్లూ చదువుతారు. తన తప్పు తనే ఒప్పుకున్నవాడు, ఎదుటివాళ్ల మీదికి నెట్టేసినవాడిగా మిగిలిపోతాడు!

ఆ అమ్మాయికి అరచేతులు చల్లబడిపోయాయి. సరిచేసి, ఇంకో రెండుసార్లు విని మరీ పంపింది. మేనేజర్ ఒక్కమాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మర్నాటి నుంచీ మ్యాచ్ చూడలేకపోతున్నానన్న దిగులు ఎక్కడికి పోయిందో పోయింది. చెవులు మాత్రం ఆడేవాళ్ల మాటల మీదే ఉండేవి.

సీజన్ అయిపోయింది. ఊరెళ్లింది. రాత్రి నాన్న టీవీలో ఏదో మ్యాచ్ చూస్తున్నాడు. ఆట ముగిసింది. ఓడిన జట్టు కెప్టెన్ మైకు ముందుకు వచ్చాడు. ‘ఇక వీడు చెప్పేదేముందిలే’ అంటూ నాన్న అలవాటుగా రిమోట్ అందుకున్నాడు.

‘ఉండు నాన్నా... పూర్తిగా చెప్పనీ’ అందా అమ్మాయి, టీవీ సౌండ్ పెంచుతూ.