మిస్సింగ్

మోటారు మెకానిక్కుల పరిభాషలో 'మిస్సింగ్' అనే మాట ఒకటి ఉన్నది. "బండి మిస్సింగ్ కొడుతున్నది" అంటారు. పండితులు ఈ ప్రయోగాన్ని అంగీకరించకపోవచ్చును గాని, దాని అర్థం మాత్రం సుస్పష్టము. ఆరుగురు మోయవలసిన పల్లకిని మోస్తూ మోస్తూ ఒకడు నడుమ నడుమ భుజం తప్పిస్తే పల్లకి ఎట్లా కుదుపుతుందో, ఒక సిలిండరులో నిప్పురవ్వ తప్పినప్పుడు కారు అట్లా కుదుపుతుంది. తెలుగు సాహిత్యం బోధించే మాకు ఇంజనులతో పని ఏమని సహోపాధ్యాయులు చమత్కరించవచ్చును. ఆ పని కలిగించినది మా దూల్హాభాయి గారి కారు.

వారు గల్ఫులో చాలా సంవత్సరాలు కష్టించి, స్వదేశానికి వచ్చిన పిదప హైదరాబాదులో ఒక పాత కారు కొన్నారు. జపానులో తయారై ఓడ మీద వచ్చిన ఆరు సిలిండర్ల పెట్రోలు కారు అది. ఆపా కంటి చికిత్స కొరకు నెలకొకసారి కర్నూలు నుండి హైదరాబాదు పోవలసి ఉన్నది. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రయాణానికి ఇది సుఖంగా ఉంటుందని వారి ఆలోచన. గత వేసవిలో కారుకు ఒక వింత జబ్బు పట్టుకున్నది. మొదటి ముప్పై కిలోమీటర్లు చక్కగా నడుస్తుంది. తరువాత ఏ చిన్న ఎత్తు ఎక్కవలసి వచ్చినా, ముందు లారీని దాటబోయినా, వెనుక నుండి ఎవరో పట్టి లాగినట్లు కుదుపుతుంది. ఎదుట అద్దాల పలకలో ఇంజను బొమ్మ గల నారింజ దీపం మిణుకు మిణుకు మంటుంది. కాసేపు నిలిపి చల్లారనిస్తే ఏమీ ఎరగనట్లు మరల నడుస్తుంది. ఒక రాత్రి జడ్చర్ల సమీపాన, కంటికి కట్టుతో ఉన్న ఆపాను రోడ్డు ప్రక్కన కూర్చుండబెట్టి, కారు చల్లారే వరకు వారు వేచి ఉండవలసి వచ్చినది.

ఒక పెద్ద వర్క్‌షాపులో చూపించగా ఆరు కాయిల్స్, క్యాటలిటిక్ కన్వర్టరు మార్చాలనీ, అప్పటికీ తగ్గకపోతే ఇంజను విప్పాలనీ అంచనా వ్రాసి ఇచ్చారు. ఆ మొత్తం కారు కొన్న వెలలో సగానికి మించినది. ఈ వార్త ఎట్లా ప్రాకినదో గాని, పాత కార్ల వ్యాపారి ఒకడు ఇంటికే వచ్చి, "వాల్వులు పోయాయి, ఇంజను పని అయిపోయింది" అని తేల్చి, ఇనుప సామాను వెల చెప్పాడు. ఆ రాత్రి దూల్హాభాయి మమ్ములను పిలిపించి అడిగారు: "మియా, ఆ ఎడారిలో మూడు ఎండాకాలాలు నిలబడి సంపాదించిన సొమ్ము ఇది. అమ్మివేయమంటావా?" (మా ఇండ్లలో మాటలు ఉర్దూలో సాగుతాయి, ఇక్కడ తెనిగించి వ్రాస్తున్నాము.) అమ్మే ముందు ఒక్కరికి చూపిద్దామని అన్నాము.

ఆ ఒక్కరు మా కళాశాల పూర్వ విద్యార్థి. బి.ఎస్సీ. రెండవ సంవత్సరంలో ఉండగా తండ్రి చనిపోవటం వలన చదువు మానుకొని, బళ్ళారి చౌరస్తా దాటిన తరువాత ఒక రేకుల షెడ్డులో మెకానిక్కు పని చేసుకుంటున్నాడు. తన పేరు వ్రాయవద్దని అతడు కోరాడు.

కాయిల్ అనగా ఏమిటో సైన్సు విద్యార్థులకు చెప్పనక్కరలేదు. తక్కినవారి కొరకు వ్రాస్తున్నాము. కారు బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు మాత్రమే. ప్లగ్గు కొసన ఉన్న మిల్లీమీటరు ఎడాన్ని నిప్పురవ్వ దాటవలెనంటే వేల కొలది వోల్టులు కావలెను. కాయిల్‌లో ఇనుప కడ్డీ చుట్టూ లావు తీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుక వంటి సన్నని తీగ వేల చుట్లు ఉంటాయి. లావు తీగలో కొద్ది మిల్లీసెకన్ల పాటు కరెంటు పారించి హఠాత్తుగా తెంపివేస్తారు. తెగిన ఆ క్షణాన అయస్కాంత క్షేత్రం కూలిపోయి, సన్న తీగలో ఇరవై ముప్పై వేల వోల్టులు పుడతాయి. మైకేల్ ఫారడే 1831లో లండనులో కనుగొన్న సూత్రమే ఇది. ఆయన బడిచదువు స్వల్పము. పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పని నేర్చినవాడు. 1836లో ఐర్లండు దేశపు మేనూత్ కళాశాలలో నికొలస్ కలన్ అనే మతాచార్యుడు ఇటువంటి చుట్టను నిర్మించాడు. వోల్టులు కొలిచే సాధనాలు లేక తన విద్యార్థులకే తగిలించి చూసేవాడని చెప్పుకుంటారు. మన విద్యార్థులు అదృష్టవంతులు. పిదప పారిస్‌లో రుమ్‌కార్ఫ్ దానిని మెరుగుపరచి లోకానికి అందించాడు. మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని అద్దాల బీరువాలో ఒక రుమ్‌కార్ఫ్ కాయిల్ ఉన్నది. బీరువాకు తాళం ఉన్నది. ఈ పుటలు కమిటీ పెద్దల దృష్టికి వస్తాయి గనుక, ఆ తాళం సంగతి వ్రాసి ఊరుకుంటున్నాము.

2014తో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారులో నాలుగు సిలిండర్లకు ఒకటే కాయిల్ ఉండేది. డిస్ట్రిబ్యూటరు వంతులవారీగా రవ్వను పంచిపెట్టేది. దోషం ఎక్కడ ఉన్నదో తెలియటానికి మిస్త్రీ, నడుస్తున్న ఇంజను మీద ప్లగ్గు తీగలను ఒకటొకటిగా లాగేవాడు. ఏ తీగ లాగినప్పుడు ఇంజను చప్పుడు మారదో ఆ సిలిండరే దోషి. ఈ జపాను కారులో ప్రతి ప్లగ్గు నెత్తిన దాని కాయిల్ దానికే ఉన్నది. షెడ్డులో కూర్చున్న ఒక వృద్ధ మిస్త్రీ పాత పద్ధతినే అనుసరించి కాయిల్స్ ఒకటొకటిగా పైకి లాగి చూడమన్నాడు. మా విద్యార్థి వినయంగానే కాదన్నాడు. "చాచా, ముప్పై వేల వోల్టులకు పోయే దారి లేకపోతే కాయిల్‌నే చీల్చుకొని పోతాయి. మంచిది కూడ చెడుతుంది."

అతడు స్టీరింగు క్రింద ఉన్న సాకెట్టుకు చిన్న స్కానరు తగిలించాడు. 'పి 0304' అని వచ్చినది. "నాలుగవ సిలిండరులో మంట తప్పుతున్నదని మాత్రమే దీని అర్థం, సార్. ఎందుకు తప్పుతున్నదో ఇది చెప్పదు. కాయిల్ కావచ్చు, ప్లగ్గు కావచ్చు, ఇంజెక్టరు కావచ్చు. వాల్వు కాలి ఒత్తిడి నిలవకపోవచ్చు కూడ." ఆ చివరి మాట వినగానే దూల్హాభాయి ముఖం వాడినది. వ్యాపారి చెప్పినదీ అదే గదా! మల్టీమీటరుతో కాయిల్‌ను కొలవరాదా అని మేము అడిగాము. ఈ రకపు కాయిల్ లోపలనే ఎలక్ట్రానిక్ స్విచ్చి ఇమిడి ఉంటుందనీ, బయట నుండి లావు తీగ కొలతకు అందదనీ, అందినా చల్లగా ఉన్నప్పుడు చెడ్డ కాయిల్ సైతం మంచి కొలతే చూపవచ్చుననీ చెప్పాడు.

పిదప అతడు చేసిన పని మాకు ఎంతో నచ్చినది. నాలుగవ సిలిండరు కాయిల్‌ను తీసి ఆరవదానికి, ఆరవదానిని నాలుగవదానికి మార్చాడు. బ్యాటరీ తీగ విప్పి, ఇంజను చల్లారిన తరువాతనే ఈ పని. వేడికి పెళుసెక్కిన ప్లాస్టిక్ గొళ్ళెం విరుగకుండా ముందు లోనికి నొక్కి తరువాత లాగటం, రబ్బరు తొడుగు ప్లగ్గుకు అంటుకొని ఉంటుంది గనుక కాయిల్‌ను ఇటు అటు త్రిప్పి వదులు చేసి పైకి తీయటం, ఇవన్నీ చూడదగినవి. ప్లగ్గులు కూడ ఇప్పుడే మార్చివేయమని దూల్హాభాయి తొందరపడ్డారు. "రెండూ ఒకసారే మారిస్తే దోషం దేనిదో ఎట్లా తెలుస్తుంది?" అని అతడు ఒప్పుకోలేదు. స్కానరులోని పాత నంబరును చెరిపివేసి, నంద్యాల రోడ్డున ఓర్వకల్లు దాకా పోయి రమ్మన్నాడు. నంబరు నాలుగు దగ్గరనే నిలిచి ఉంటే దోషం మరొకచోట వెదకవలెను. ఆరుకు మారితే కాయిల్ దోషమే.

ఆ పాతిక కిలోమీటర్లు మాటలు లేకుండా పోయాము. ఓర్వకల్లు రాళ్ళ గుట్టల వద్ద ఎత్తులో కారు కుదిపినది, దీపం మిణుకుమన్నది. షెడ్డుకు వచ్చి స్కానరు తగిలించగా 'పి 0306' అని కనిపించినది. దూల్హాభాయి దానిని రెండుసార్లు చదివి, రుమాలుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. వాల్వులు బాగున్నాయి. ఇంజను బాగున్నది.

చల్లగా ఉన్నప్పుడు లేని దోషం ఎత్తు మీదనే ఎందుకు కనిపిస్తున్నదని మాకు సందేహం కలిగినది. అతడు చెప్పిన సమాధానం ఇది. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండరులోనికి గాలి, పెట్రోలు ఎక్కువగా వస్తాయి. నొక్కబడిన దట్టమైన ఆ వాయువును చీల్చుకొని రవ్వ దూకటానికి ఎక్కువ వోల్టులు కావలెను. అదే సమయాన వేడికి కాయిల్ లోపలి ఎపాక్సీ పూత బలహీనపడుతుంది. అప్పుడు విద్యుత్తు ప్లగ్గు ఎడాన్ని దాటే కష్టం మాని, పూతలోని సన్నని పగులు గుండా ఇంజను లోహంలోనికి జారిపోతుంది. కాలని పెట్రోలు పొగగొట్టంలోని కన్వర్టరుకు పోయి అక్కడ మండుతుంది. దీపం ఊరక వెలుగుట వేరు, మిణుకుమనుట వేరు. మిణుకుమన్నదంటే కన్వర్టరు కాలిపోయే ప్రమాదం ఉన్నదని, వేగం తగ్గించి ఆపమని అర్థం. దూల్హాభాయి ప్రతిసారీ ఆపినందువలన అది దక్కినది.

ఒక కొత్త కాయిల్ వేసిన పిదప రెండు వారాలు బాగా నడచినది. తరువాత 'పి 0303' వచ్చినది. వెనుక వరుసలోని మూడు కాయిల్స్ గాలి చాంబరు క్రింద దాగి ఉన్నాయి. దానిని విప్పటమే సగం పని; మరల బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయవలెను. విప్పి చూడగా మూడవ ప్లగ్గు గుంటలో ఇంజను ఆయిలు నిలిచి ఉన్నది. పై మూత సీలు గట్టిపడి ఆయిలు కారి, రబ్బరు తొడుగు మెత్తబడి ఉబ్బినది. ఇక్కడ కాయిల్ ఒక్కటే మార్చి ఊరుకుంటే కొత్తది కూడ అదే గతి పట్టును. ప్లగ్గుల ఎడం కొలవగా 1.1 మిల్లీమీటర్లు ఉండవలసినది అరిగి 1.4 దాకా పోయినది. ఎడం పెరిగిన కొలదీ కాయిల్ ఎక్కువ శ్రమించవలెను. సీలు, ఆరు ప్లగ్గులు మార్చాము. వెనుక ముగ్గురిలో ఒక్కరినే మార్చవలెనా, అందరినీనా అని తర్కం నడచినది. చాంబరు విప్పే కూలి, గ్యాస్కెట్ వెల తలచుకుంటే ఆ మూడింటినీ ఒకేసారి మార్చటం దుబారా కాదని మా అభిప్రాయము. ముందు వరుసలో మంచిగా ఉన్న రెండింటిని తాకలేదు.

సికింద్రాబాదు రాణీగంజ్‌లో ఒక దుకాణదారు అచ్చంగా అదే అట్టపెట్టెలో సగం వెలకు కాయిల్స్ చూపించాడు. మా విద్యార్థి వాటిని అరచేతిలో బరువు చూసి, అచ్చు నంబరు మీద వ్రేలు రాచి, తిరిగి ఇచ్చివేశాడు. అసలు సరుకుకు ఎనిమిది దినాలు ఆగవలసి వచ్చినది.

అన్నీ కలిపి వర్క్‌షాపు అంచనాలో ఐదవ వంతు కూడ కాలేదు. వర్షాకాలం వచ్చే నాటికి ఆపా మూడుసార్లు హైదరాబాదు వెళ్ళి వచ్చారు. వ్యాపారి మరల వచ్చి వెల పెంచి అడిగాడు. దూల్హాభాయి అతనికి టీ ఇప్పించారు.

చెడిపోయిన మొదటి కాయిల్‌ను మా విద్యార్థి హాక్సా రంపంతో నిలువునా కోసి మాకు ఇచ్చాడు. ఎర్రని రాగి తీగల నడుమ నల్లని ఎపాక్సీ, దాని అంచున పెన్సిలు గీత వంటి మసి దారి. భౌతికశాస్త్ర ఉపన్యాసకులు దానిని తరగతికి తీసుకొనిపోయి, ఒక మధ్యాహ్నం అతనినే పిలిపించారు. ఉతికిన చొక్కా తొడుక్కొని వచ్చి, మొదట గుమ్మం వద్దనే నిలబడ్డాడు. తరువాత బల్ల దగ్గరకు వచ్చి, ఉర్దూలో సగం, తెలుగులో సగం, ఇరవై నిమిషాలు చెప్పాడు. బీరువా తాళం ఆనాడు తీశారు. వెళ్ళేటప్పుడు ఆఫీసు గది ముందు ఆగి, ఆగిపోయిన డిగ్రీని పూర్తి చేయటానికి ఇప్పుడు వీలున్నదా అని గుమాస్తాను అడిగాడు. పునఃప్రవేశం కోరుతూ అతడు వ్రాసిన దరఖాస్తు, మా సిఫారసుతో, ప్రస్తుతం కమిటీ వారి ముందు ఉన్నది.