నాలుగో మందు కోసం

నాకు విరేచనం తారులా నల్లగా అయ్యేది. ఒక డాక్టరు గ్యాస్ అన్నారు, ఇంకొకరు మొలలన్నారు. రక్తం బాగా తగ్గి వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయాకగానీ స్కాన్ తీయలేదు. చిన్నపేగులో గడ్డ, కాలేయంలో మచ్చలు. జిస్ట్ అన్నారు. మామూలు కీమోకి లొంగే క్యాన్సర్ కాదిది. కిట్ అనే జన్యువు చెడిపోయి, పెరగమని కణాలను ఆగకుండా తరుముతూ ఉంటుంది. దాన్ని అడ్డుకునే మొదటి మాత్ర ఇమాటినిబ్. 2000లో ఫిన్లాండులో ఒకామెకు ఇచ్చేదాకా ఈ జబ్బుకు మందన్నదే లేదు. హైదరాబాద్ నాట్కో కంపెనీ 2003లో వీనాట్ పేరుతో చవకగా తేకపోతే, 2013లో సుప్రీంకోర్టు దాని అసలు బ్రాండు గ్లివెక్‌కు పేటెంటు కాదనకపోతే, ఆ మాత్ర మా ఇంటి గడప తొక్కేది కాదు.

మా ఊరి ఆసుపత్రిలో రోజుకు 400 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బేవి, రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి. ఓర్చుకున్నాను. గడ్డ మాత్రం ఆగలేదు. హైదరాబాద్‌లో చూపించుకుంటే అక్కడి డాక్టరుగారు ముందుగా అడిగిన మాట, ‘‘మ్యుటేషన్ రిపోర్టు ఏదమ్మా?’’ అని. ఎవరూ చేయించలేదు. పాత బయాప్సీ బ్లాకు తెప్పించి పరీక్ష చేస్తే కిట్ జన్యువులో ఎక్సాన్ 9 మార్పు అని తేలింది. ఆ రకానికి 800 ఇస్తారట. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

800తో కొన్నాళ్లు నిలబడ్డాను. తర్వాత సునిటినిబ్. ఒళ్లంతా పచ్చబడింది. ‘‘కామెర్లు వదినా’’ అంటూ పక్కింటావిడ పసరు తెచ్చింది. రక్తపరీక్షలో కామెర్లు లేవు, ఆ రంగు మందుదే.

ఆ తర్వాత మూడో మందు రెగోరాఫెనిబ్ నన్ను నేలకు దించేసింది. మూడు వారాలు మింగి ఒక వారం ఆపాలి. మడమలు, బొటనవేళ్ల కింద, బరువు ఆనే చోటల్లా చర్మం దళసరెక్కి, చుట్టూ ఎర్రగా మండేది. బాత్‌రూమ్‌కి మోకాళ్ల మీద పాకేదాన్ని. అరచేతులు పగిలి ఉప్పు ముట్టుకోలేకపోయాను. మా ఆయన రోజూ యూరియా క్రీము రాసి నూలు మేజోళ్లు తొడిగేవారు. ఆపిన వారంలో పొర ఊడి కింద లేత చర్మం వచ్చేది. అది గట్టిపడేలోపే మళ్లీ మాత్ర.

ఇప్పుడు అదీ పనిచేయడం మానేసింది. సునిటినిబ్‌తో బెజుక్లాస్టినిబ్ కలిపి ఇచ్చే ట్రయల్ గురించి అడిగాను. అది ఇమాటినిబ్ ఒక్కటే వాడి విఫలమైనవాళ్లకట. నేను ఆ మెట్టు దాటి వచ్చేశాను. ఇక మిగిలింది రిప్రెటినిబ్. మూడు మందులూ అయిపోయినవాళ్ల కోసం అమెరికాలో 2020లో అనుమతించారు. ట్రయల్‌లో ఉత్తి మాత్ర మింగినవాళ్లలో సగంమందికి ఒక నెల తిరిగేసరికే జబ్బు ముదిరింది. ఈ మందు వాడినవాళ్లకు ఆ గడువు 6.3 నెలలు. ఆ మందు కోసం డాక్టరుగారు కంపెనీకి రాశారు, జవాబు రావాలి.

ఆరు నెలలేనా అని మా బంధువు ఒకాయన అన్నారు. ఆ ఆరు నెలల్లో మా అమ్మాయి డిగ్రీ ఆఖరి పరీక్షలున్నాయి. నాకవి కావాలి.