జండియాలా కంచరుల వీధిలో

ఎల్.టి.సి.పై అమృత్‌సర్ స్వర్ణదేవాలయ దర్శనానికి వెళ్ళే మన ఉద్యోగ మిత్రులు ఒక పూటను జండియాలా గురుకు కేటాయించవలసిందిగా మనవి. జలంధర్ వైపు జి.టి. రోడ్డు మీద ఉన్న ఈ చిన్న పట్టణంలో ఠఠేరాలు, అనగా కంచరివారు, నివసిస్తారు. మహారాజా రంజిత్ సింగ్ కాలంలో ఇక్కడ స్థిరపడిన వీరి ఇత్తడి, రాగి పాత్రల విద్యను యునెస్కో 2014లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

వీధి మొదట్లోనే సుత్తి చప్పుడు మాకు స్వాగతం పలికింది. లోహపు బిళ్ళలను పలుచని రేకులుగా సాగగొట్టి, సుత్తితో వంపు తెచ్చి, కట్టెల పొయ్యిపై కాచి, మళ్ళీ కొడతారు. చివరకు ఇసుకతో, చింతపండు రసంతో తోముతారు. మా శ్రీమతికి పుట్టింటి పెరడు గుర్తుకు వచ్చింది.

రోలింగ్ మిల్లులో జీవితం గడిపినవాడిని కనుక నా దృష్టి ఒక వృద్ధ శిల్పి ఎడమచేతిపై నిలిచింది. దెబ్బ దెబ్బకూ ఆ చేయి పాత్రను రవ్వంత తిప్పుతున్నది. కారణమడిగాను. "బాబూజీ, ఒకే వైపు కొడితే ఇత్తడి ఆ వైపుకే అలవాటు పడుతుంది" అన్నాడు.

ఆ అలవాటునే లోహశాస్త్రం టెక్స్చర్ అంటుంది. లోహమంటే అసంఖ్యాకమైన సూక్ష్మ స్ఫటికాల సముదాయం. దెబ్బకు స్ఫటికాలలోని పరమాణు పొరలు ఒకదానిపై ఒకటి జారుతాయి. ఆ క్రమంలో స్ఫటికాలు మెల్లగా తిరిగి, కొన్ని దిశలకే మొగ్గుతాయి. కాచినప్పుడు కొత్త స్ఫటికాలు పుట్టి లోహం మెత్తబడుతుంది గాని, వాటికీ ఒక మొగ్గు ఏర్పడవచ్చు. అటువంటి రేకుతో గిన్నె ఒత్తితే అంచు సమంగా రాక, చెవులవలె లేస్తుంది.

1970లలో సోవియట్ యూనియన్‌లోని మిన్స్క్‌లో సెగాల్ బృందం రూపొందించిన పద్ధతిలో, లోహపు కడ్డీని మలుపు ఉన్న మార్గం గుండా పదేపదే నెడతారు. కడ్డీ మందం తగ్గదు. స్ఫటికాలు మాత్రం మైక్రాన్ కన్నా చిన్నవై, లోహం బలపడుతుంది. ఒక దఫా కలిగించిన మొగ్గును తరువాతి దఫా మారుస్తుంది. కనుక దఫా దఫాకూ కడ్డీని ఎటు, ఎంత తిప్పారన్నది అక్కడా ముఖ్యమే!

చాలా ఏళ్ళ క్రితం మా రేకులకు ఇటువంటి చెవులే లేచినప్పుడు, కొలిమి వద్ద పనిచేసే సహోద్యోగిపై నేను నింద మోపాను. కాచడానికి ముందు రేకును ఒకే దిశలో అతిగా పలుచన చేయించినది నేనేనన్న సంగతి ఆనాడు తట్టలేదు. తిరిగి వచ్చాక, జండియాలాలో కొన్న ఇత్తడి చెంబు తీసుకుని, విశ్రాంత జీవితం గడుపుతున్న ఆయన ఇంటికి వెళ్ళాను. జరిగినది చెప్పి క్షమాపణ కోరాను. ఆయన చెంబును చేతిలో ఒకసారి తిప్పి చూసి, "లోపలికి రండి సార్, కాఫీ తాగుదాం" అన్నారు.