కాన్పు తర్వాత జుట్టు రాలుతోందా?

దువ్వెన నిండా వెంట్రుకలు చూస్తే మీ గుండె గుభేలుమంటుంది కదూ? నాకూ అంతే. రెండో కాన్పయిన మూడో నెలలో జడ సగమైపోయింది. మా అత్తగారు దిష్టి అన్నారు. పక్కింటావిడ ఏదో నూనె చెప్పింది. కొన్నాను కూడా, దాచడమెందుకు!

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. పైకి కనిపించేదంతా కెరటిన్ అనే నిర్జీవ పదార్థం. ప్రాణమున్నది చర్మం లోపలి కుదుళ్ళలోనే. ఒక్కో కుదురు కొన్నేళ్ళపాటు వెంట్రుకను పెంచి, రెండు మూడు నెలలు విశ్రమించి, దాన్ని వదిలేస్తుంది. అందుకే రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. గర్భంతో ఉన్నప్పుడు రాలకుండా నిలిచిపోయినవి కాన్పయ్యాక కొద్ది నెలలకు ఒక్కుమ్మడిగా రాలతాయి. టైఫాయిడ్ వంటి పెద్ద జ్వరం తర్వాత కూడా రెండు మూడు నెలలకు జుట్టు ఇలాగే ఊడుతుంది. కుదురు చావదు గనుక జుట్టు మళ్ళీ వస్తుంది, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున. నూనె వెంట్రుకకు నునుపునిస్తుందే గాని కుదురును నిద్ర లేపలేదు.

అయితే పేనుకొరుకుడులా గుండ్రంగా ఊడినా, ఏడాదైనా తగ్గకపోయినా, నీరసం, ఆయాసం తోడైనా డాక్టరుకు చూపించుకోండి. రక్తహీనతో, థైరాయిడ్ లోపమో ఉంటే రక్తపరీక్షలో తేలుతుంది.

నా నుదుటిమీద పిల్లజుట్టు లేచేసరికి బాబుకు తొమ్మిదో నెల. నూనె సీసా అప్పటికి సగం అలాగే ఉంది.