మనామాలో న్యోకీ

మా వారు రెండేళ్ళ ఒప్పందం మీద బహ్రెయిన్‌లో పని చేస్తున్నారు. బడి సెలవుల్లో మారిషస్ నుంచి నేను వెళ్ళాను. మా పెళ్ళిరోజుకు ఇద్దరికే రాత్రి భోజనం: ఇటలీ వాళ్ళ న్యోకీ.

బాబ్ అల్ బహ్రెయిన్ వెనుక, మనామా పాత బజారులో జాజికాయ కొన్నాను. బంగాళాదుంపలు తొక్కతోనే ఉడికించి, తొక్క తీసి, వేడిగా మెదిపి, మైదా, జాజికాయ పొడి కలిపాను. ఎక్కువ పిసికితే న్యోకీ గట్టిపడుతుంది. పిండిని తాడులా చేసి, ముక్కలు కోసి, ఫోర్కుతో గీతలు పెట్టాను. ఆ గీతల్లోనే సాస్ నిలుస్తుంది. మరిగే నీళ్ళలో పైకి తేలగానే తీసి, వెన్న, క్రీము, చీజ్ కలిపిన సాస్‌లో వేశాను.

"అమ్మ చేసే పాలతాలికల్లా ఉన్నాయి" అన్నారు ఆయన.

మన పూర్వీకులు కోరంగి రేవులో ఓడ ఎక్కింది కూడా ఒప్పందం మీదే. చాలామంది తిరిగి వెళ్ళలేదు.

"మీరు వస్తారు కదా?" అన్నాను.

"ఇంకా పద్నాలుగు నెలలే" అంటూ నా పళ్ళెంలో మరో రెండు వేశారు.