కోపానికి చెవులుంటే

భారత రాజకీయాలను శ్రద్ధగా అనుసరించేవారికి డెన్మార్క్ అనగానే మొదట గుర్తుకు వచ్చేది 1995 డిసెంబరు. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా పల్లెలపై ఆ నెలలో ఒక రాత్రి విమానం నుంచి ఆయుధాలు కురిశాయి. ఆ కేసులో నిందితుడైన డెన్మార్క్ పౌరుడు కిమ్ డేవీని మనకు అప్పగించడానికి 2011లో అక్కడి హైకోర్టు నిరాకరించింది. ఆ వ్యవహారం, 2005 నాటి కార్టూన్ల వివాదం తప్పిస్తే, సుమారు 60 లక్షల జనాభా గల ఆ దేశం మన పత్రికల మొదటి పేజీకి ఎక్కిన సందర్భాలు అరుదు. అటువంటి దేశపు రాజధాని కోపెన్‌హాగెన్‌కు చెందిన నలుగురు యువకుల బృందం 2018 మే 4న విడుదల చేసిన పాటల ఆల్బమ్ గురించి ఒక రాజకీయ విలేఖరి రాయడమేమిటని పాఠకులు అడగవచ్చు. బృందం పేరు ఐస్ఏజ్. ఆల్బమ్ పేరు ‘బియాండ్‌లెస్’. వారిది పంక్ సంగీతం. ఈసారి అందులోకి జాజ్ ప్రవేశించింది. నేను సంగీత విమర్శకుణ్ణి కాను. ఈ ఆల్బమ్ నన్ను పట్టి నిలిపింది కోపం గురించి అది లేవనెత్తిన ఒక ప్రశ్న వల్ల. కోపంతోనే పుట్టిన గొంతు, వయసు పెరిగేకొద్దీ ఆ కోపాన్ని ఏం చేసుకోవాలి?

పంక్ 1970ల మధ్యలో న్యూయార్క్, లండన్ నగరాల్లో రూపు దిద్దుకున్నప్పుడు దాని ప్రకటన ఒక్కటే: వాయించడానికి నైపుణ్యం అక్కర్లేదు. నాలుగు వాద్యాలు, కొద్దిపాటి స్వరాలు, చెప్పి తీరాలన్న తపన ఉంటే చాలు. నిరుద్యోగంతో, విసుగుతో రగిలిపోతున్న కుర్రకారుకు అది పెద్ద వరమే అయింది. 2008లో కోపెన్‌హాగెన్‌లో ఐస్ఏజ్ మొదలయ్యేనాటికి దాని సభ్యులు బడి వయసు దాటనివారు. 2011లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘న్యూ బ్రిగేడ్’లో పన్నెండు పాటలున్నాయి; అన్నీ కలిపి వినడానికి పట్టే సమయం దాదాపు 24 నిమిషాలు. ఊపిరి తీసుకోవడానికి కూడా వ్యవధి ఇవ్వని సంగీతమది. గాయకుడు ఇలియాస్ బెండర్ రోనెన్‌ఫెల్ట్ గొంతులో పదాలకన్నా ముందు ఆవేశమే వినపడుతుంది.

అయితే ఆ ఆవేశం ఎవరి మీద? ఈ ప్రశ్న ఆ రోజుల్లోనే తలెత్తింది. బృందం వాడిన కొన్ని చిత్రాల్లో, చిహ్నాల్లో ఫాసిస్టు ఛాయలున్నాయని విమర్శలు వచ్చాయి. బృందం వాటిని తోసిపుచ్చింది. ఆ వివాదంలో తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ రాజకీయాలు రాసేవాడికి అందులో పరిచితమైన చిక్కు ఒకటి కనిపిస్తుంది. పచ్చి కోపానికి చిరునామా ఉండదు. బిగించిన పిడికిలిని ఎడమ పక్షం పోస్టరు మీదా అచ్చు వేయవచ్చు, కుడి పక్షం పోస్టరు మీదా అచ్చు వేయవచ్చు. 2011 తరువాత మన నగరాల కూడళ్లలో వెలిగిన కొవ్వొత్తుల ఆగ్రహం కొద్ది సంవత్సరాలలోనే ఎన్ని పార్టీల ఖాతాల్లోకి జమ అయిందో మనం చూశాం.

ఐస్ఏజ్ అక్కడే ఆగిపోలేదు. 2014 నాటి మూడవ ఆల్బమ్‌లోకి పియానో, వయోలా, ట్రంపెట్ వచ్చాయి. 2018 నాటి ‘బియాండ్‌లెస్’లో ఆ మార్పు పూర్తి ఆకృతి పొందింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ స్టూడియోలో రికార్డు చేసిన ఈ పది పాటల కోసం వారు డెన్మార్క్ జాజ్ రంగం నుంచి ట్రంపెట్ వాద్యకారుడు కాస్పర్ ట్రాన్‌బెర్గ్‌ను, సాక్సఫోన్ వాయించే లార్స్ గ్రేవ్‌ను పిలుచుకున్నారు. శామ్యూల్ బెకెట్ 1983లో ప్రచురించిన ‘వర్స్ట్‌వర్డ్ హో’లోని ఒక మాటను ఆల్బమ్‌కు పేరుగా పెట్టారు. దానికి ‘ఆవల అనేది లేని’ అని స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు.

మొదటి పాట ‘హుర్రా’ చంపడం మానలేని మనిషి ఉత్సాహాన్ని జయధ్వానాల మధ్య ఊరేగిస్తుంది. అఫ్గానిస్తాన్‌లో 43 మంది సైనికులను పోగొట్టుకుని, జనాభా నిష్పత్తిలో అత్యధిక ప్రాణనష్టం చవిచూసిన దేశాల వరుసలో చేరిన డెన్మార్క్ నుంచి ఈ పాట వచ్చిందని గుర్తుంచుకుంటే ఆ ఉత్సాహం వెనుక చేదు తెలుస్తుంది. అమెరికన్ గాయని స్కై ఫెరేరా గొంతు కలిపిన ‘పెయిన్ కిల్లర్’లో ఇత్తడి వాద్యాలు పెళ్లి ఊరేగింపులా విరుచుకుపడతాయి. అన్నింటికన్నా నన్ను వెంటాడినది ‘షోటైమ్’. పాతకాలపు నాటకశాల తెర లేచినట్టు, తూగే జాజ్ నడకతో మొదలవుతుంది. వేదిక మీది యువ గాయకుడు ప్రేక్షకుల కళ్లెదుటే ప్రాణం తీసుకుంటాడు. ఆ మరణం సైతం ఆ రాత్రి వినోదంలో ఒక అంకంగానే మిగిలిపోతుంది. ఇదే కథను తొలినాటి పంక్ పద్ధతిలో అరిచి చెప్పి ఉంటే ఒక నిమిషంలో ముగిసేది. తూగుటుయ్యాల వంటి ఆ లయలో చెప్పడం వల్ల, కుర్చీలో కూర్చుని తలాడిస్తున్న శ్రోత ఆ ప్రేక్షకులలో తానూ ఒకడినని ఆలస్యంగా గ్రహిస్తాడు.

ఈ ఆల్బమ్‌ను నేను మొదటిసారి విన్నది కర్ణాటక ఎన్నికల రోజుల్లో. మే 15న ఫలితాలు వచ్చాయి; ఎవరికీ మెజారిటీ లేదు. 17న యెడియూరప్ప ప్రమాణం చేశారు. 18న కాంగ్రెస్, జనతాదళ్ శాసనసభ్యులను బస్సుల్లో హైదరాబాద్ హోటళ్లకు తరలించారు. 19న బలపరీక్ష జరగకముందే ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. ఆ అయిదు రోజులూ దేశమంతా టెలివిజన్ ముందు కూర్చుంది. ఒక రాష్ట్ర ప్రజల తీర్పు బస్సు కిటికీల తెరల వెనుక కూర్చుని ప్రయాణిస్తుంటే, దాన్ని క్రికెట్ పోటీలా వ్యాఖ్యానిస్తూ ఆనందించాం. తెర మీద ఎనిమిది గడులు, గడికొక ముఖం, ఎనిమిది ముఖాలూ ఒకేసారి మాట్లాడుతుండగా యాంకరు అందరికన్నా బిగ్గరగా అరవడాన్ని చర్చ అంటున్నాం.

జాజ్ బృందంలో ఇటువంటి స్థితి ఊహించలేం. ఒక వాద్యకారుడు తన వంతులో రాగాన్ని ఎంత దూరమైనా తీసుకుపోవచ్చు. ఆ సమయంలో తక్కినవారు అతనికి నేల పరుస్తారు. అతను తరువాత ఏ మలుపు తిరుగుతాడో ముందుగా తెలియదు కనుక ప్రతి క్షణం చెవులు రిక్కించి ఉండాలి. మన కచేరీలో గాయకుడు కల్పనాస్వరాలు పాడుతుంటే వయొలిన్, మృదంగం వాయించేవారు కాచుకుని ఉండటం ఎరిగిన శ్రోతలకు ఈ క్రమశిక్షణ కొత్తది కాదు. ఇందులో కోపానికి చోటు లేదనుకుంటే పొరపాటు. అమెరికా నల్లజాతి వాద్యకారుల జాజ్‌లో ఉన్న కోపం మరే సంగీతంలోనూ అంతగా ఉండకపోవచ్చు. అయితే అది పక్కవాడి వాద్యం వింటూ పలికే కోపం.

ఎవరైనా ఇలా మారినప్పుడు వినిపించే ఫిర్యాదు ఒకటుంది. మెత్తబడ్డారని, అమ్ముడుపోయారని, మునుపటి పదును లేదని అంటారు. పంక్ అభిమానుల్లో ఈ అనుమానం మరీ బలమైనది. నా వృత్తిలోనూ ఇదే అనుమానం రోజూ గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఏకపక్షంగా, కత్తితో కోసినట్టు రాసిన వ్యాసానికి వచ్చే ప్రశంసల్లో పదో వంతు కూడా, ఎదుటివారి వాదనలో బలమేమిటో విచారిస్తూ రాసినదానికి రాదు. అటువంటిది రాసిన రోజున ‘మీరు ఎటువైపు?’ అని లేఖలు వస్తాయి. కొత్తగా వృత్తిలోకి వచ్చిన యువ సహోద్యోగి ఒకరు ఒకసారి, ‘సార్, ఈ మధ్య మీ వాక్యాలు పెద్దవయ్యాయి’ అన్నారు. ఆ మాటలో గౌరవం ఉంది, చిన్న నిరాశ కూడా ఉంది. నలభైలలో ఉన్న ఏ రాజకీయ రచయితా ఈ ప్రశ్నను తప్పించుకోలేడు. వాక్యం పెద్దదవుతున్నది లోకం మరికొంత అర్థం కావడం వల్లనా, ధైర్యం సన్నగిల్లడం వల్లనా? ‘బియాండ్‌లెస్’ నాకు ఇచ్చిన కొలబద్ద ఒకటుంది. ‘షోటైమ్’ వినేవాణ్ణి ‘న్యూ బ్రిగేడ్’ కన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సంక్లిష్టత వల్ల చెప్పేవాడికి భద్రత పెరిగితే అనుమానించాలి. వినేవాడికి భద్రత తగ్గితే నమ్మవచ్చు.

డెన్మార్క్ గడ్డ మీద జాజ్‌కు ఒక రాజకీయ చరిత్ర కూడా ఉంది. 1940 ఏప్రిల్ 9న జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించింది. నాజీల దృష్టిలో జాజ్ నల్లవారి, యూదుల వికృతి. 1938లో డ్యూసెల్‌డార్ఫ్‌లో వారు పెట్టిన ‘పతిత సంగీతం’ ప్రదర్శన పోస్టరు మీద సాక్సఫోన్ ఊదుతున్న నల్లజాతి మనిషి కోటుకు యూదు నక్షత్రం తగిలించి చూపారు. అటువంటి సేనలు వీధుల్లో కవాతు చేస్తున్న కాలమే డెన్మార్క్ జాజ్‌కు స్వర్ణయుగమైంది. ఆ తరానికి చెందిన వయొలిన్ వాద్యకారుడు స్వెండ్ అస్ముసెన్‌ను 1943లో జర్మన్లు నిర్బంధించారు. ఆయన ఆ నిర్బంధాన్ని దాటి, నూరేళ్లు బతికి, 2017లో కన్నుమూశారు.

యుద్ధం తరువాత ఆ బంధం మరో రూపం దాల్చింది. 1959లో కోపెన్‌హాగెన్‌లో జాజ్‌హుస్ మోంట్‌మార్ట్ తెరుచుకుంది. స్వదేశంలో జాతివివక్షతో విసిగిన అమెరికా నల్లజాతి వాద్యకారులు కొందరు ఆ నగరాన్ని ఇల్లు చేసుకున్నారు. డెక్స్టర్ గోర్డన్ 1962 నుంచి పద్నాలుగేళ్లు ప్రధానంగా అక్కడే ఉన్నారు. బెన్ వెబ్‌స్టర్ 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మరణించినా, ఆయనను సమాధి చేసినది కోపెన్‌హాగెన్‌లోని నోరెబ్రో ప్రాంతపు అసిస్టెన్స్ శ్మశానంలో. కీర్కెగార్డ్, హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ ఉన్నదీ అక్కడే. తన తత్త్వవేత్తకు, తన కథకుడికి పరచిన మట్టినే ఒక పరాయి దేశపు నల్లజాతి వాద్యకారుడికీ పరచిన నగరమది.

అదే నోరెబ్రోలో, ఆ శ్మశానాన్ని ఆనుకుని సాగే యాగ్ట్‌వై వీధిలో, 69వ నంబరు భవనం ఉండేది. 1897లో కార్మికోద్యమం కట్టుకున్న ప్రజాభవనం అది. అంతర్జాతీయ మహిళా దినాన్ని జరపాలని 1910లో క్లారా జెట్కిన్ ప్రతిపాదించిన సోషలిస్టు మహిళల సభ అందులోనే జరిగింది. 1982 నుంచి యువజన గృహంగా, పంక్ కచేరీలకు నెలవుగా ఉన్న ఆ భవనాన్ని నగర పాలకులు అమ్మివేశారు. 2007 మార్చి 1న పోలీసులు అందులోని వారిని ఖాళీ చేయించారు. కొద్ది రోజుల్లో దాన్ని నేలమట్టం చేశారు. నిరసనల్లో వందలాది మంది అరెస్టయ్యారు. ఐస్ఏజ్ పుట్టింది ఆ మరుసటి సంవత్సరం.

2018 మార్చి 1న, సరిగ్గా పదకొండేళ్ల తరువాత, అప్పటి డెన్మార్క్ ప్రధాని లార్స్ లోకె రాస్ముసెన్ అదే నోరెబ్రోలోని మ్యోల్నర్‌పార్కెన్ నివాస సముదాయానికి వెళ్లి ‘సమాంతర సమాజాలు లేని డెన్మార్క్’ ప్రణాళికను ప్రకటించారు. ప్రభుత్వమే అప్పట్లో ‘ఘెట్టో’ అని పేరు పెట్టిన వాడలను గుర్తించే ప్రమాణాలలో అక్కడివారి జన్మమూలాలు కూడా ఉన్నాయి. ఆ వాడల్లో కొన్ని నేరాలకు రెట్టింపు శిక్షలు, ఏడాది నిండిన పిల్లలు వారానికి 25 గంటలు శిశుకేంద్రంలో తప్పనిసరిగా గడపాలన్న నిబంధన ఆ ప్రతిపాదనల్లో ఉన్నాయి. ‘బియాండ్‌లెస్’ విడుదలైన నెలలోనే, మే 31న, ముఖాన్ని కప్పే వస్త్రాలను బహిరంగ స్థలాల్లో నిషేధించే చట్టాన్ని డెన్మార్క్ పార్లమెంటు 75–30 ఓట్లతో ఆమోదించింది. పౌరుల జాబితాలు, మూలాల పత్రాలు, ఎవరు లోపలివారు ఎవరు బయటివారు అన్న లెక్కలు మన దేశంలో అస్సాం నుంచి ఢిల్లీ దాకా తిరుగుతున్న వేళ ఈ వార్తలు మనకు దూరపువిగా అనిపించవు.

ఆల్బమ్‌లోని పాటలు ఈ చట్టాల గురించి మాట్లాడవు. ఐస్ఏజ్‌కు నినాదాలు రాసే అలవాటు లేదు. లేని ఉద్యమకారులను వారిలో చూడటం అన్యాయం. కానీ సంగీతం నిర్మాణంలోనే ఒక సాక్ష్యం ఉంటుంది. ఒక దేశం తన సంస్కృతికి గోడ కట్టుకునే పనిలో ఉన్నప్పుడు, అక్కడి అత్యంత కోపిష్టి కుర్రవాళ్లు తమ పాటకు తలుపు తెరిచి, సముద్రాలు దాటి వచ్చి తమ నగరంలో స్థిరపడిన సంగీతాన్ని లోపలికి పిలిచారు. నాజీలు పతితమన్న సంగీతం నేడు డేనిష్ సంస్కృతిలో విడదీయరాని భాగం. అక్కడ ‘మన సంస్కృతి’ అనే మాట పలికే ప్రతి గొంతులోనూ బెన్ వెబ్‌స్టర్ సాక్సఫోన్ ఊపిరి కొంత ఉంది.

కోపం లేని రాజకీయ రచనను నేను నమ్మను. నలుగురూ మాట్లాడుతున్నప్పుడు మౌనంగా ఉండటాన్ని సమతౌల్యమనీ అనను. కానీ ఎదుట ఎవరున్నారో వినని కోపాన్ని ఎవరైనా అద్దెకు తీసుకుపోవచ్చు. విన్న కోపం అంత సులువుగా లొంగదు; దానికి ఎవరి బాధ ఎవరిదో తెలిసి ఉంటుంది.

కోపెన్‌హాగెన్ ఏటేటా జూలైలో జరుపుకునే జాజ్ ఉత్సవం వీధుల్లోకి వస్తుంది. 2018 ఆగస్టు 1 నుంచి అవే వీధుల్లో ముఖం కప్పుకున్న స్త్రీకి పోలీసులు జరిమానా రాయవచ్చు. జూలైలో కాలిబాట మీద నిలబడి సాక్సఫోన్ విన్నవారిలో కొందరైనా ఆగస్టులో ఆ స్త్రీ చెప్పేది వినడానికి ఆగుతారా అన్నది ఆ నగరం జవాబు చెప్పవలసిన ప్రశ్న. మన నగరాల్లో ఆ ప్రశ్న రూపం వేరు.